మూసీ జాగా

అనంతగిరి గుట్టల్లో పుట్టి వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే మూసీ పెద్ద నదేమీ కాదు. వేసవిలో ఇసుక, వానాకాలంలో ఎర్రనీళ్లు. దాన్ని చూసి భయపడాలని ఎవరికీ తోచదు. కానీ 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్ షా ఆ నది మీద వంతెన కట్టించినప్పుడు ఇరవై రెండు కమానులు పెట్టించాడు. ఎండాకాలం ఆ కమానుల కింద నిలబడితే ఇంత సన్నటి పాయకి ఇన్ని కమానులు దేనికనిపిస్తుంది. కట్టించినవాళ్లకు అలా అనిపించలేదు. చార్మినార్ నగరం పుట్టడానికి పదమూడేళ్ల ముందే, ఈ నది కోపమొస్తే ఎంత జాగా అడుగుతుందో వాళ్లు కళ్లతో చూసి, కొలిచి, రాతిలో పెట్టారు. 1820 వరదకి ఆ వంతెన దెబ్బతింటే సికందర్ జా బాగుచేయించాడు. పురానాపూల్ అనే ఆ వంతెన ఈనాటికీ అక్కడే ఉంది. దాని చుట్టూ ఉండాల్సిన నదీ జాగాయే లేదు.

ఆ జాగా ఒక్క రోజులో పోలేదు. ముందు వరద వచ్చింది, తర్వాత కొలత వచ్చింది, కొలతతో రక్షణ వచ్చింది. రక్షణ వెంట మరపు, మరపు వెంట అమ్మకం. ఈ వరసలో దుర్మార్గుడని వేలెత్తి చూపడానికి ఒక మనిషి దొరకడు. అందుకే ఈ కథ చెప్పడం కష్టం.

1908 సెప్టెంబరు 27, ఆదివారం. రంజాన్ నెల అప్పుడే మొదలైంది. ముసురు పట్టిన ఆకాశం రాత్రికి కుండపోతగా మారింది. శంషాబాదు వైపు 48 గంటల్లో 18.90 అంగుళాల వాన కురిసిందని తర్వాత లెక్క తేలింది. అయితే ఆ రాత్రి నగరాన్ని ముంచింది వాన ఒక్కటే కాదు. హైదరాబాదుకి ఎగువన మూసీ పరివాహకం 862 చదరపు మైళ్లు. అందులో 788 చెరువులు, అంటే దాదాపు చదరపు మైలుకొకటి. కాకతీయుల కాలం నుంచీ మన నేలకి అలవాటైన గొలుసుకట్టు పద్ధతి. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుంది, అది పారితే దాని కిందిది. కరువు ప్రాంతానికి ఇంతకన్నా మేలైన ఏర్పాటు లేదు. దాని బలహీనతా అక్కడే ఉంది. పై కట్ట తెగితే ఆ నీళ్లన్నీ ఒక్కుమ్మడిగా కింది కట్ట మీద పడతాయి. దానికి తన నీళ్లు ఆపుకునే బలమే ఉంటుంది, పొరుగు చెరువుని కూడా మోసే బలం ఉండదు. ఆ రాత్రి 221 చెరువులకు గండ్లు పడ్డాయి. ఆ రోజు వానతోపాటు అన్ని చెరువులు దాచుకున్న నీళ్లూ కలిసి తెల్లవారేసరికి నగరం గుమ్మంలోకి వచ్చాయి.

28వ తేదీ సోమవారం పొద్దున కొల్సావాడి, అఫ్జల్‌గంజ్ వంటి నదీతీరపు పేటల్లో జనం గోడలెక్కారు, మిద్దెలెక్కారు. మట్టిగోడలు నానితే మిద్దె ఎక్కినవాడికి మిద్దే శత్రువవుతుంది. అఫ్జల్ వంతెన, ముసల్లం జంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన దెబ్బతిని తెగిపోయాయి. 1578 నాటి ఆ ఇరవై రెండు కమానులు మాత్రం నీటిని తమలోంచి పోనిచ్చి నిలబడ్డాయి. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఆవరణలో ఒక చింతచెట్టు నూటయాభై మందిదాకా మనుషుల్ని కొమ్మల్లో పెట్టుకుని కాపాడింది. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ నీళ్లలో తల్లినీ భార్యనీ కూతుర్నీ పోగొట్టుకుని ఒక్కడే మిగిలాడు. పోయినవాళ్లు పదిహేను వేలని చరిత్ర పుస్తకాలు రాస్తాయి. పడిపోయిన ఇళ్లు 19 వేలన్నారు, నిలువ నీడ లేనివాళ్లు 80 వేలన్నారు. శవాలు దొరకని చోట లెక్క ఎప్పుడూ గుండ్రంగానే ఉంటుంది. నిజాం మహబూబ్ అలీ ఖాన్ నది ఒడ్డుకొచ్చి హారతిచ్చి శాంతింపజేశాడని పాతబస్తీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ వరదని అక్కడివాళ్లు తుగ్యానీ అనే పిలుస్తారు.

హారతి సంగతెలా ఉన్నా, ప్రభుత్వం చేసిన రెండో పని మాత్రం కాగితాల్లో ఉంది. బొంబాయి ప్రభుత్వ కొలువు వదిలి యూరపు యాత్రలో ఉన్న మోక్షగుండం విశ్వేశ్వరయ్యకి కబురు పెట్టారు. ఆయన 1909లో హైదరాబాదు వచ్చారు. ప్రవాహాన్ని కొలిచే ఏర్పాటేదీ లేని నదిలో దాటిపోయిన వరదని వెనక్కి లెక్కగట్టడం మామూలు పని కాదు. ఆయన తేల్చిన అంకె సెకనుకి 4,25,000 ఘనపుటడుగులు, అంటే క్యూసెక్కులు. ఈ అంకె ఎంత పెద్దదో ఈనాటి చదువరికి ఒక పోలికతోనే తెలుస్తుంది. 2024 సెప్టెంబరు 2న విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పోటెత్తినప్పుడు, ఇంత నీరు ఇక్కడెప్పుడూ చూడలేదన్నారు. మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ, ఆంధ్ర కలిసి కృష్ణకిచ్చే నేలలో నూటికి ఒక వంతు కూడా లేని చిన్న పరివాహకం నుంచి, ఆ ప్రవాహంలో మూడో వంతుకు మించిన నీరు 1908లో ఒక్క నగరం మీదికొచ్చి పడింది.

వందేళ్ల వరద, యాభై ఏళ్ల వరద అనే మాటలు అప్పటికి ఇంజనీర్ల చేతికి రాలేదు. వరదల్ని సంభావ్యతతో లెక్కగట్టే పద్ధతిని అమెరికాలో ఫుల్లర్, హేజెన్ అనేవాళ్లు 1914లో మొదలుపెట్టారు. దానికి గట్టి గణితపు పునాది వేసిన గంబెల్ వ్యాసం 1941 నాటిది. విశ్వేశ్వరయ్య కాలపు ఇంజనీరుకి తెలిసింది ఒక్కటే: ఎక్కడైనా ఇప్పటిదాకా వచ్చిన పెద్ద వానని చూడు, అది మళ్లీ వస్తుందనుకుని కట్టు. ఆ పద్ధతిలో అతిజాగ్రత్త ఉందని తర్వాతివాళ్లు నవ్వారు. నాకు మాత్రం ఆ అతిజాగ్రత్తలోనే మర్యాద కనిపిస్తుంది. నది చేసిన పనిని కాదనకుండా ఒప్పుకున్న మనిషి మర్యాద అది.

ఆయన సలహాలో రెండు భాగాలు. ఎగువన మూసీ మీదా, దాని ఉపనది ఈసీ మీదా జలాశయాలు కట్టి, వరద తలని అక్కడే తుంచాలి. దిగువన నగరంలో ఒడ్డులు ఎత్తు చేసి, ముంపునేలలో మళ్లీ ఇళ్లు పుట్టనివ్వకుండా తోటలూ రోడ్లూ వేయాలి. మొదటి భాగం ఆనకట్టలుగా నిలబడి అందరికీ కనిపిస్తోంది. రెండోది కనబడదు గనక దాన్నెవరూ తలుచుకోరు. నిజానికి నదికి జాగా వదిలే ప్రణాళిక ఆ రెండో భాగమే. 1912లో ఏర్పడిన ఆరాయిష్ బల్దా, అంటే నగరాభివృద్ధి సంస్థ, కొంతకాలం దాన్ని నమ్మి పనిచేసింది. హైకోర్టు, సిటీ కాలేజీ, ఉస్మానియా ఆస్పత్రి ఎత్తుచేసిన ఒడ్డుల మీద వచ్చాయి. వాటికీ నీటికీ మధ్య ఉద్యానాలు వచ్చాయి. పార్కు మునిగితే పచ్చిక పాడవుతుంది, వారంలో మళ్లీ మొలుస్తుంది. బజారు మునిగితే ఏమవుతుందో 1908లో చూశారు కదా.

1920లో గండిపేట దగ్గర ఉస్మాన్ సాగర్, 1927లో ఈసీ మీద హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. పతనం మొదలైంది ఆ శుభదినాలనుంచే అంటే కొందరికి కోపం రావచ్చు. కానీ లెక్క చూడండి. వరదని ఆపడానికి కట్టిన జలాశయం ఖాళీగా ఉండాలి, లేకపోతే వచ్చిన నీరు ఎక్కడ నిలుస్తుంది? మంచినీళ్లకి కట్టిన జలాశయం నిండుగా ఉండాలి, లేకపోతే వేసవిలో ఊరు గొంతెండుతుంది. ఒక్క గుంటకి రెండు పనులు అప్పజెప్పాక, గొంతెండే భయం ప్రతి ఏడాదీ వచ్చేది, మునిగే భయం తరానికొకసారి వచ్చేది గనక, గెలిచేది మొదటిదే. నగరం గండిపేట నీళ్లు తాగింది, ఆ నీళ్ల రుచిని పొగుడుకుంది, జలాశయాలు నిండితే సంబరపడింది. వానలు బాగా పడ్డ ఏడాది సెప్టెంబరు చివరికి రెండూ కట్టల దాకా నిండి ఉంటాయి. 1908లో నది విరుచుకుపడ్డ కాలం సరిగ్గా అదే.

పోనీ ఖాళీగానే ఉన్నాయనుకుందాం. రెండింటి నిల్వ కలిపి 6.87 టీఎంసీలు. 4,25,000 క్యూసెక్కుల ఉధృతి అలాగే సాగితే నాలుగున్నర గంటల్లో రెండూ నిండిపోతాయి. ఉధృతి అంతసేపు ఉండదు, శిఖరాన్ని కోయడమే జలాశయం పని, ఆ మాట నిజమే. ఆ శిఖరం కోయడానికి ఆ రోజున ఖాళీ ఉండాలన్నది కూడా నిజమే.

ఆనకట్టలు తీసుకుపోయింది నీళ్లనే కాదు, ఏటేటా నది ఒడ్డుదాకా వచ్చి తన హద్దు గుర్తుచేసే చిన్న వరదల్ని కూడా. తాతల కాలంలో నీళ్లొచ్చిన చోటని చూపించడానికి తడి మరక మిగలలేదు. మూసీలో మిగిలింది మురుగు. మురుగు కాలువకి ఇంత వెడల్పు జాగా దేనికని ముందు గేదెలవాళ్లకి అనిపించింది, తర్వాత గడ్డి పెంచేవాళ్లకి, ఆ తర్వాత ప్లాట్లు గీసేవాళ్లకి. చిన్న వరదలు ఆగాయి గనక పెద్ద వరద కూడా ఆగిందనుకున్నారు. ఆనకట్ట చిన్నవాటిని పూర్తిగా మింగుతుంది, పెద్దవాటిని కొంత తగ్గిస్తుంది, మహావరదని దాదాపు వచ్చినట్టే వదిలిపెడుతుంది.

ఇక్కడే వందేళ్ల వరదనే మాట మన కొంప ముంచింది. వందేళ్లకొకసారి వస్తుందంటే 1908 తర్వాత 2008దాకా నిశ్చింత అని చదువుకున్నవాళ్లే అనుకున్నారు. మాటకి అర్థం అది కానే కాదు. సంచిలో నూరు గోలీలు, ఒకటి ఎర్రది. ప్రతి ఏడాదీ చెయ్యిపెట్టి ఒకటి తీసి, చూసి, మళ్లీ సంచిలోనే వేస్తారు. నిరుడు ఎర్రది వచ్చింది కదా అని సంచికి గుర్తుండదు. ఈ లెక్కన ముప్పై ఏళ్ల ఇంటి అప్పు తీరేలోగా ఆ వరద ఒక్కసారైనా గడప తొక్కే అవకాశం నూటికి 26. అంత ముప్పున్న చోటు చూపిస్తే పిల్లని కూడా ఇవ్వరు మనవాళ్లు. ప్లాటు మాత్రం కొంటారు.

పైగా ఆ అంచనా కూడా రాయి మీద గీత కాదు. నలభై యాభై ఏళ్ల ప్రవాహ లెక్కలు పెట్టుకుని నూరేళ్ల వరదని ఊహించాలి. ఆనకట్టలు వచ్చాక నమోదైన నెమ్మది ఏళ్లనే లెక్కలోకి తీసుకుంటే అంకె చిన్నదవుతుంది, నది సాధువైపోతుంది. 1908ని కలిపితే అంకె ఎగిరిపడుతుంది. అది అసాధారణం, పక్కన పెట్టండనేవాడు ప్రతి సమావేశంలోనూ ఒకడుంటాడు. దాన్ని ఎన్నేళ్ల వరద అనాలన్నది నిపుణులు వాదించుకోవాల్సిందే. అది ఇక్కడే, ఈ నదిలోనే, ఈ జనం మీదే వచ్చిందన్నదాంట్లో మాత్రం వాదన లేదు. ఆ లెక్క వేసిన నాటి పరివాహకం కూడా ఇప్పుడు లేదు. నాడు వాన మట్టి మీద పడింది, సగం నేలలోకి, సగం చెరువులోకి పోయింది. నేడు సిమెంటు మీద పడి నిమిషాల్లో నాలాలోకి దిగుతుంది. పాత రికార్డుతో కొత్త నేలకి అంచనా వేస్తే ఆ తప్పు ఎప్పుడూ తక్కువ వైపే ఉంటుంది.

దీనికి చట్టం ఉండాలని ఢిల్లీకి తెలియక కాదు. కేంద్ర జలసంఘం 1975లోనే ముంపునేలల విభజనకి నమూనా బిల్లు రాసి రాష్ట్రాలకి పంపింది. ఆస్పత్రులు, విద్యుత్ కేంద్రాలు, రైల్వే స్టేషన్ల వంటి ముఖ్య సదుపాయాలు వందేళ్ల వరద మట్టానికి పైన ఉండాలి. ఇళ్లూ కచేరీలూ పాతికేళ్ల వరద మట్టానికి పైన ఉండాలి. అంతకంటే కిందనున్నది ఆటస్థలాలకీ తోటలకీ వదలాలి. విశ్వేశ్వరయ్య చేతల్లో చూపించినదాన్నే అది అంకెల్లో పెట్టింది. మణిపూర్, రాజస్థాన్, ఉత్తరాఖండ్ వంటి ఏ కొద్దిమందో చట్టం చేశారు. మనవాళ్లు చేయలేదు. భూమి రాష్ట్రాల విషయం, భూమి విలువ అందరి విషయం.

బదులుగా మనకి దక్కింది మీటర్ల లెక్క. 2012 నాటి 168వ నంబరు జీవో ప్రకారం నది అంచునుంచి నగరపాలక సంస్థ హద్దులోపల 50 మీటర్లు, బయట 100 మీటర్లు వదలాలి. ఆ మీటర్లు ఏ వరదనుంచి వచ్చాయి? ఏ వరదనుంచీ రాలేదు. ఒడ్డు ఎత్తుగా ఉన్నచోట యాభై ఎక్కువ, పల్లంగా ఉన్నచోట అయిదొందలు చాలవు. నగరపు హద్దులోకి రాగానే నది సన్నబడి సగం జాగాతో సరిపెట్టుకుంటుందన్న నమ్మకం ఏ ఇంజనీరుకీ ఉండదు. ఆ జీవోలో ఉన్నది నీటిమట్టం కాదు, భూమి ధర. నగరంలో గజం ఖరీదు గనక నదికి తక్కువ గజాలు.

అలా పోయింది మూసీ జాగా. చాదర్‌ఘాట్ దిగువన మూసానగర్, శంకర్‌నగర్ వంటి బస్తీలు వచ్చాయి. ఊళ్లో పని ఉండి, ఊళ్లో చోటు లేనివాళ్లు వచ్చిపడిన చోట్లవి. వాళ్లు కరెంటు బిల్లు కట్టారు, ఇంటిపన్ను కట్టారు, ఓటేశారు. మునిగే చోటని తెలిసే వచ్చారు, ఇంకెక్కడికీ పోలేక వచ్చారు. వాళ్లని తప్పుపట్టే ముందు, 1994లో నది గర్భంలోనే, ఇమ్లిబన్‌లో మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ కట్టిన సర్కారు సంగతి చూడాలి. రాష్ట్రపు నలుమూలల మనుషుల్ని రోజూ తెచ్చి దించే చోటుని వరద దారిలో పెట్టినవాళ్లకి నిపుణులూ ఉన్నారు, నక్షలూ ఉన్నాయి, 1908 వరద నివేదికా ఉంది. తర్వాత మెట్రో స్టేషను కూడా ఆ పక్కకే వచ్చింది.

ఎగువన ఒక్క జీవో చాలాకాలం అడ్డుగోడగా నిలిచింది. 1996 మార్చిలో వచ్చిన 111వ నంబరు జీవో జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల దాకా, 84 ఊళ్లలో పెద్ద కట్టడాల్ని ఆపింది. నీళ్లు కలుషితం కాకూడదనే దాని ఉద్దేశం. కాని నేలని నేలగా ఉంచినందువల్ల అది వరదని కూడా నిమ్మళపరిచింది. నిషేధం కింద భూములు అమ్ముడుపోక అక్కడి రైతులు పాతికేళ్లు అవస్థపడ్డారు, వాళ్ల బాధ అబద్ధం కాదు. నగరం మునగకుండా ఉండే ఖర్చు ఆ 84 ఊళ్లే మోశాయి, వాళ్లకి నగరం పైసా ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే కథ వేరేగా నడిచేదేమో. 2022 ఏప్రిల్‌లో 69వ నంబరు జీవోతో ఆ ఆంక్షలు ఎత్తేశారు. కారణం సులువు: నగరానికి ఇప్పుడు కృష్ణ, గోదావరి నీళ్లు వస్తున్నాయి, ఈ జలాశయాల మీద ఆధారపడడం లేదు. వాటిని అసలు కట్టింది తాగడానికా, మునగకుండా ఉండడానికా అన్న ప్రశ్న ఆ వాదనలో ఎక్కడా రాలేదు. నూరేళ్ల మరపు అంతటితో పూర్తయింది.

నది మాత్రం ఈ మధ్యలో పిలుస్తూనే ఉంది. 2000 ఆగస్టులో ఒక్క రోజు 24 సెంటీమీటర్ల వానకి నాలాల మీద కట్టుకున్న సగం ఊరు మునిగింది. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్లు దాటి కురిసింది. ఆ తర్వాత కొద్దిరోజులకే పాతబస్తీ దాపున గుర్రం చెరువు కట్ట తెగి బస్తీలు మునిగాయి. అది గొలుసుకట్టు పాత కథే, అయితే ఈసారి చెరువు కింద పొలాల్లేవు, ఇళ్లున్నాయి. మూసారాంబాగ్ వంతెన ఆ తర్వాతి ఏళ్లలోనూ మునుగుతూ వచ్చింది.

2024లో ప్రభుత్వం మూసీ సుందరీకరణ మొదలుపెట్టి, నదీగర్భంలో ఉన్న ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాయించింది. రంగు పడినవాళ్లలో కొందరు డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లకి వెళ్లారు, కొందరు వీధికెక్కారు, కొందరు కోర్టుకి వెళ్లారు. నదికి జాగా తిరిగివ్వాలన్నదాంట్లో తప్పు లేదు. కానీ ఆ గీత ఏ వరదకి గీశారు, ఎన్నేళ్ల వరదకి, ఆనకట్టలు నిండి ఉన్నప్పుడా ఖాళీగా ఉన్నప్పుడా అన్నది ఆ గోడల మీద రాయలేదు. బస్తీ గోడకి రంగు పడింది. ఇమ్లిబన్ గోడకి పడలేదు.

2025 సెప్టెంబరు చివర్లో వానలకి జంట జలాశయాలు నిండి గేట్లెత్తారు. తేదీ 26, 27. మూసీ ఒడ్డులు దాటి బస్‌స్టేషన్‌లోకి వచ్చింది. ప్లాట్‌ఫారాల మీద చిక్కుకున్న ప్రయాణికుల్ని బయటికి తీసుకురావాల్సి వచ్చింది, బస్సులు ఊరి అంచులనుంచి నడిపారు. దసరాకి ఊళ్లకి పోయే రద్దీ రోజులవి. ఆ రాత్రి నదిలో వచ్చిన నీరు 4,25,000 క్యూసెక్కుల దరిదాపుల్లోకి కూడా రాలేదు.